మాడిన ఉలవ వాసన

వెనక పొడుగు సీటు ఖాళీగా ఉందమ్మా, అక్కడైతే పాప కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు అని కండక్టరు రెండుసార్లు చెప్పాడు. పాపం, మంచికే చెప్పాడు. సామ్రాజ్యం వినిపించుకోలేదు. డ్రైవరు వెనక సీట్లో, వంకాయల గంప కాళ్ళ దగ్గర పెట్టుకున్న ఒక ముసలమ్మ పక్కన ఇరుక్కుని, కూతుర్ని కిటికీ వైపుకి నెట్టి, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ పొడుగు సీటు వంక ఆమె చూడదు. ఏ బస్సెక్కినా చూడదు, అల్లూరు బస్సయితే మరీను. నిరుడు ఇదే కాలంలో ఇట్లాంటి సీటు మీదే గదా ఆమె మొగుడు, ఆ బస్సు తోలే మనిషి, మధ్యాహ్నం అన్నం తిని, తువ్వాలు మడిచి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. పడుకున్నవాడు లేవలేదు. అల్లూరు బస్టాండులో, వేపచెట్టు నీడన, ఇంజను కట్టేసి నిలబెట్టిన బస్సు నిలబెట్టినట్టే కాలిపోయింది. పరిగెత్తే బండి కాలిందంటే ఏదో సరిపెట్టుకోవచ్చు. ఆపి పెట్టిన బండి ఎట్లా కాలుతుంది? నెల్లూరు హాస్టలు వంటింట్లో కట్టెలు ఎగదోస్తున్నా ఇదే ఆలోచన, పిల్లలకి గంజి వారుస్తున్నా ఇదే ఆలోచన. పొయ్యిలో నిప్పు పెడితే గదా నిప్పు. ఎవరూ పెట్టకుండా నిప్పెక్కడనుంచి వస్తుంది?

బస్సు కదిలింది. ముసలమ్మ వంకాయలు ఎన్ని అమ్ముడుపోకుండా మిగిలినయ్యో, నెల్లూరోళ్ళు ఎంత గీచి గీచి బేరమాడతారో చెప్పుకుపోతోంది. సామ్రాజ్యం తలాడిస్తోంది. ఎవరు ఏది చెప్పినా తలాడించడం అలవాటైపోయింది ఈ ఏడాదిగా. అప్పుడూ అట్లాగే ఆడించింది. ఊరంతా వచ్చి ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. బ్యాటరీ తీగ రేకుకి ఒరుసుకుని నిప్పురవ్వ పుట్టి ఉంటుందని ఒకడు. ఎలుకలు చేరి తీగల మీది రబ్బరు కొరికేశాయని ఇంకొకడు. నూనె తుడిచిన గుడ్డలు సీటు కింద కుక్కి పెడితే వాటికవే వేడెక్కి అంటుకుంటాయని, బిట్రగుంట ఇంజన్ల షెడ్డులో తను కళ్ళారా చూశానని ఒక పెద్దమనిషి. బ్రేకు పట్టేసి చక్రం ఉడికిందన్నారు. దిష్టి అన్నారు. ప్రతి మాటకీ పక్కవాడు ఒక ఎదురుమాట చెప్పి కొట్టేశాడు. అప్పుడెవరో, ఫలానా అని కూడా గుర్తులేదు, గుంపులోంచి మెల్లిగా, బీడీ ముట్టించుకుని నిద్రపోయుంటాడయ్యా అన్నాడు. అంతే. అందరి ముఖాలూ తేటపడ్డాయి. ఇంత తేలికైన సంగతికి ఇంతసేపు బుర్రలు బద్దలుకొట్టుకున్నామే అన్నట్టు చూసుకున్నారు. బస్సు యజమాని జయరామయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుని, హెడ్డు కానిస్టేబులు పక్కనుండగా, ఆమె ముందుకొచ్చి నిలబడి అడిగాడు. చెడ్డమనిషి కాదు, మెల్లిగానే అడిగాడు. అబ్రహాముకి బీడీ అలవాటుండిందా అమ్మా అని.

ఏమో, అంది సామ్రాజ్యం.

ఒక్క మాట. లేదు అనాల్సినచోట ఏమో అంది. ఆ మాట పట్టుకునే కాగితం రాసుకున్నారు, ఆ మాట పట్టుకునే అత్త రెబెక్కమ్మ ఇప్పటికీ ఈమెతో మాట్లాడదు. నా కొడుకు దేవుడి ముందర మాటిచ్చినాడు, తప్పడు, నువ్వు పెళ్ళానివై ఉండి ఏమో అంటివే అని ఒకేఒక్కసారి అని, తలుపు దగ్గరగా వేసుకుంది. అత్తకేం, కొడుకు మీద నమ్మకం. తనైతే కళ్ళతో చూసింది గదా. చూసినదాన్ని చూడలేదని ఎట్లా అనేది?

పెన్న దాటుతున్నారు. నీళ్ళు ఒక పక్కన పాయలాగా మిగిలి, మిగతాదంతా ఇసక. కరుణాకుమారి కిటికీలోంచి ముఖం బయటపెట్టి గాలికి కళ్ళు మూసుకుంది. తల లోపల పెట్టుకోమ్మే అంటే పెట్టుకుంది, నిమిషానికి మళ్ళీ పెట్టింది. వాళ్ళ నాన్న పోలికే, ఆ నుదురూ, ఆ మొండితనమూ. ఈ పిల్ల ఊపిరి కోసమే గదా ఆయన బీడీ మానింది. నాలుగేళ్ళప్పుడు ఉబ్బసం పట్టుకుని, ఆ చిన్న గుండె కమ్మరి తిత్తిలాగా ఎగిసి పడుతుంటే, పొగ వాసన తగిలితే పిల్లకి మంచిది కాదని డాక్టరమ్మ చెప్పింది. ఆ క్రిస్మసుకి అల్లూరు చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ, ఎన్నడూ నోరు తెరవని మనిషి లేచి నిలబడ్డాడు. నల్లగా, ఎత్తుగా, తువ్వాలు రెండు చేతుల్తో మెలిపెడుతూ, ఇక బీడీ ముట్టనయ్యా, నా బిడ్డ ఊపిరి మీద ఒట్టు అన్నాడు. ఒట్టు వేయకూడదు అబ్రహామూ, మాటిస్తే చాలు అన్నారు పాస్టరుగారు. అయితే మాటే అని కూర్చున్నాడు. అందరూ నవ్వారు. సామ్రాజ్యం మాత్రం కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. ఆ తరువాత ఎన్నాళ్ళో ఆయన చెయ్యి చెవి దగ్గరికి పోయేది, బీడీ దోపుకునే అలవాటు కొద్దీ, పోయి ఊరికే తిరిగొచ్చేది. చొక్కా జేబులో లవంగాలు పోసుకుని ఒక్కొక్కటే నమిలేవాడు. ఇంట్లోకి రాగానే లవంగం వాసన. ఎంత ఇష్టంగా ఉండేదో ఆ వాసన. ఆయన పోయినాక అదే వాసన తలుచుకుంటే ఒళ్ళు మండేది. కప్పిపెట్టుకోడానికేనేమో నమిలింది! లోపల బీడీ, పైన లవంగం. ఒక మనిషి మీద అనుమానం పుట్టిందంటే ఆ మనిషి చేసిన మంచిపనులు కూడా దొంగపనుల్లాగే కనపడతాయి, ఏం చేస్తాం.

అల్లూరు చర్చిలో ఇప్పుడు ఆయన పేరు మరో విధంగా వినపడుతోంది. మాటిచ్చి నిలబెట్టుకోలేకపోతే ఏమవుతుందో చూడండి అని కుర్రవాళ్ళకి చెప్పేటప్పుడు పాస్టరుగారు పేరెత్తరు, కానీ ఎవర్ని గురించో అందరికీ తెలుసు. ఈ సాయంత్రం జ్ఞాపకార్థ కూడిక. ఏడాది నిండింది. చనిపోయినవాడి భార్య లేచి నాలుగు మాటలు చెప్పడం ఆనవాయితీ. ఏం చెప్పాలి? మంచి భర్త, మంచి తండ్రి, ప్రభువు పిలుచుకున్నాడు అని అందరూ చెప్పేదే చెప్పి కూర్చుందామనుకుంది. చెప్పేటప్పుడు అత్త ముఖం చూడకుండా ఉంటే చాలు. కరుణ ముఖం కూడా. మొన్న ఆదివారం తల దువ్వుతుంటే ఆ పిల్ల అడిగింది. జడ పాయలు చేతిలో ఉండగానే అడిగింది. అమ్మా, నాన్న బీడీ తాగి చచ్చిపోయినాడంట గదా, నా ఊపిరి మీద ఒట్టు పెట్టి తాగినాడంట, నేనేమీ చచ్చిపోను గదా అని. పెద్దపిల్లలెవరో చెప్పారు, హాస్టల్లో ఏ మాట దాగుతుంది గనక. చచ్చిపోవు, పిచ్చిదానా, కదలకుండా కూర్చో అంది సామ్రాజ్యం. పిల్ల అడిగినదాంట్లో సగానికే జవాబు చెప్పి, మిగతా సగాన్ని రిబ్బను ముడిలో బిగించేసింది.

కోవూరు దాటింది. రెండు పక్కలా వరి కోసిన మళ్ళు, దూరంగా తాటిచెట్లు, సముద్రం కనపడదు గానీ గాలిలో ఉప్పదనం తగులుతోంది. ముసలమ్మ దిగిపోయింది, గంప ఉన్నచోట ఒక వంకాయ దొర్లుతోంది. ఇక పాలెం వస్తుంది. అన్న క్రీస్తురాజు ఊరు, తను పుట్టిన ఊరు, నాలుగు పాకలూ ఒక ఇసకదిబ్బా. ఆ ఇసకనేలలో ఉలవ తప్ప ఏం పండుతుంది. కోసిన ఉలవ తీగని తొక్కించడానికి ఎద్దులెవరికున్నాయి? రోడ్డు మీద పరిచి కూర్చుంటారు. బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతాయి, కాయలు పగిలి గింజ రాలుతుంది, తీగ ఎత్తి ఒక పక్క వేసుకుని, గింజ ఊడ్చుకుంటారు. కొందరు డ్రైవర్లు తిట్టుకుంటూ రోడ్డు అంచున దిగి పక్కగా పోతారు. అబ్రహాము పోడు. బావ పంట గదా. కావాలనే మధ్యన తోలి, అద్దంలోంచి వెనక్కి చూసుకుని నవ్వేవాడు.

ఆ రోజు కూడా అంతే. అన్న వాళ్ళ ఉలవ పని ఉందని నాలుగు రోజుల ముందే వచ్చింది తను. కొత్త ఉలవలు ఉడకబెట్టి చారు కాచింది. ఆయనకి ఉలవచారంటే ప్రాణం. వేడన్నం, చారు, నేతిచుక్క, అన్నీ క్యారియరులో సర్దుకుని రోడ్డు మీదకొచ్చి నిలబడింది. బస్సొచ్చింది, పరిచిన తీగ మీదంతా గరగరమంటూ తొక్కుకుంటూ వచ్చి, దాటి, ఆగింది. ఆయన దిగాడు. తను వెనకనుంచి వస్తోంది. వెనక చక్రం దగ్గర ఆయన కిందికి వంగి ఉన్నాడు, వీపు మాత్రమే కనపడింది, చెయ్యి బండి కిందికి పోయి ఉంది. అడుగుల చప్పుడు వినగానే గభాల్న లేచి చేతులు దులుపుకున్నాడు. ఏంది, వంగినారు అంటే, ఏం లేదులే, ఒక్క నిమిషం అన్నాడు. మీ నిమిషాలు నాకు తెలుసులేండి, అన్నం చల్లారిపోతాది, పోంగానే తినండి, పదండి పదండి అని క్యారియరు చేతిలో పెట్టి, భుజం పట్టి తోసింది. నవ్వుకుంటూ ఎక్కాడు. అదే ఆఖరు. ఆ వంగడం ఒక్కటే కళ్ళలో ఉండిపోయింది. జయరామయ్య అడిగిన క్షణాన కళ్ళ ముందుకొచ్చి నిలబడింది అదే. తనని చూసి గభాల్న లేచి చేతులు దులుపుకున్నాడే, ఏముంది ఆ చేతుల్లో? నేలకి రాసి ఆర్పేసిన బీడీ కాకపోతే ఏముంది? అందుకే ఏమో అంది. ఏడాదిగా ఆ వీపుతో పోట్లాడుతోంది. ఒక్క మాట చెప్పి తాగకూడదూ, నేనేమైనా మింగేస్తానా, బిడ్డ మీద ఒట్టు పెట్టి నాకు దొంగతనం చేస్తావా అని.

పొగకే పోయాడు, ముఖం కాలలేదు. నిద్రపోతున్నట్టే ఉన్నాడు. పక్కన క్యారియరు దొరికింది, మసిపట్టి. పైనుంచి కింద దాకా రబ్బరు కాలిన కంపు, డీజిలు కంపు, వాటన్నిటి అడుగున మాడిన ఉలవల వాసన. పెనం మీద వేయిస్తూ మరిచిపోతే వస్తుందే, ఆ వాసన. తను కాచిన చారే క్యారియరులో మాడి ఉంటుందనుకుంది. నా చేతి అన్నం తినకుండానే పోయాడనుకుని అప్పుడు ఇంకా ఏడ్చింది. తీరా తెరిచి చూస్తే గిన్నెలు ఖాళీ. ఖాళీయే కాదు, కడిగి ఉన్నాయి. అంతా తిని, బస్టాండు కుళాయి దగ్గర కడుక్కుని, బోర్లించి తుడిచి, మళ్ళీ వరసగా అమర్చి పెట్టాడు. మరి వాసన ఎక్కడిది? ఆ మాట అప్పుడే అనుకోవాల్సింది. అనుకోలేదు. మనిషి పోతే అంత తెలివి ఎవరికుంటుంది? అప్పటినుంచీ ఉలవ వండదు. హాస్టల్లో గుగ్గిళ్ళు చేసిన రోజు పొయ్యి దగ్గరికి పోదు, ఇంకొకామెకి అప్పజెప్పి నూతి దగ్గర అంట్లు తోముకుంటుంది.

చక్రాల కింద గరగర.

కరుణ ఉలిక్కిపడి కిందికి చూసింది. పాలెం వచ్చింది. రోడ్డు నిండా ఉలవ తీగ, ఎవరిదో, అన్నది కాదు, అన్న ఈపాటికి కూడికకి పోయి ఉంటాడు. డ్రైవరు గంగులయ్య పళ్ళు కొరికి తిట్టుకున్నాడు. ఉదయగిరి వైపు మనిషి, ఈ దారికి కొత్త. తప్పుకోడానికి చోటు లేదు, తొక్కుకుంటూనే పోయి, దాటి, పాకల ముందర ఆపాడు. ఎవరో ఆడవాళ్ళు మూటలతో ఎక్కుతున్నారు. గంగులయ్య ఇంజను కట్టేశాడు. గాలి ఆగిపోయింది. కాసేపటికి, మూటలు సర్దుకుంటున్న సందడిలో, కాళ్ళ కింద చెక్కల సందుల్లోంచి ఆ వాసన పైకొచ్చింది.

సామ్రాజ్యం భ్రమ అనుకుంది. ఎన్నోసార్లు అట్లా వచ్చింది, నిద్రలో వచ్చింది, ప్రార్థనలో వచ్చింది. కానీ కరుణ ముక్కు ఎగబీల్చి, అమ్మా ఎవరో ఉలవలు మాడబెడతన్నారు అంది. గంగులయ్య అప్పటికే దిగిపోయాడు. సామ్రాజ్యానికి తను ఎట్లా లేచిందో, మూటల మధ్యనుంచి ఎట్లా దిగిందో తెలియదు. దిగి వెనక్కి నడిచింది. నడిచి ఆగిపోయింది.

వెనక చక్రం దగ్గర ఒక మనిషి కిందికి వంగి ఉన్నాడు. వీపు మాత్రమే కనపడుతోంది, చెయ్యి బండి కిందికి పోయి ఉంది.

బస్సు రేకు పట్టుకుంది. రేకు వేడిగా ఉంది. అడుగుల చప్పుడుకి గంగులయ్య తల తిప్పి చూశాడు గానీ లేవలేదు, అతన్ని తొందరపెట్టేవాళ్ళు ఎవరూ లేరు. కిందనుంచి పిడికెళ్ళకొద్దీ తీగ పీకి అవతల పారేస్తున్నాడు. మొదట మామూలుగా, తరువాత ఎర్రగా, ఆఖరున నల్లగా మాడి, కొసలు ఎర్రగా మెరుస్తూ, సన్నగా పొగ లేస్తూ వచ్చింది. దాన్ని చెప్పుతో నలిపాడు.

"ఏందన్నా అది?" అంది.

"ఉలవ తీగమ్మా. అడుగున తిరిగే కడ్డీకి చుట్టుకుంటాది, చుట్టుకోని పొగగొట్టానికి ఆనుకుంటాది. మా పక్క దీని దెబ్బకి రెండు లారీలు పోయినాయి. దాటంగానే పీకేయాల."

"బండి ఆపేసినాక గూడా..."

"ఆపేసినాకే అంటుకుంటాది. పరిగెత్తేటప్పుడు గాలికి సల్లగా ఉంటాది గదా. నిలబెడితే ఆ వేడంతా యాడికి పోతాది?" అని చేతులు దులుపుకుంటూ లేచాడు.

చేతులు దులుపుకుంటూ. అట్లాగే దులుపుకున్నాడు ఆయన. బీడీ లేదు, ఏమీ లేదు ఆ చేతుల్లో, ఉలవ తుక్కు. అయ్యో, ఒక్క నిమిషం అన్నాడే! ఒక్క నిమిషం అడిగాడు. ఆ నిమిషం తను ఇవ్వలేదు. మీ నిమిషాలు నాకు తెలుసులేండి అంది. ఏం తెలుసు? ఏం తెలుసునని అంది? భుజం పట్టి తోసింది. చెప్పిన మాట వినే మనిషి, పోంగానే తినండి అంటే పోగానే తిన్నాడు, బండి కిందికి మళ్ళీ వంగి చూసేపాటి తీరిక లేకుండా, వేడివేడిగా తిన్నాడు, కింద అది రగులుతుంటే పైన కడుపునిండా తిని పడుకున్నాడు. మాట తప్పలేదయ్యా నువ్వు. బిడ్డకిచ్చిన మాటా తప్పలేదు, నా మాటా తప్పలేదు. దొంగవన్నాను. ఏడాది పొడుగునా మనసులో దొంగ దొంగ అని తిట్టుకున్నాను. లోకం ముందర ఏమో అన్నాను. ఇప్పుడు సంతోషించాలా, గుండెలు బాదుకోవాలా తెలియక, నడిరోడ్డు మీద నిలబడి, గంగులయ్య నలిపేసిన ఆ మాడు తీగ వంక చూస్తూ ఉండిపోయింది. బీడీ అయితేనే బాగుండేదా అని ఒక ఆలోచన వచ్చింది. బీడీ అయితే తప్పు ఆయనది. ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

కండక్టరు ఈల వేశాడు. సామ్రాజ్యం వంగి, ఆ తీగ చుట్ట చేతిలోకి తీసుకుంది. పారెయ్ తల్లీ, ఇంకా కాక ఉంది అన్నాడు గంగులయ్య. నిజమే, చెయ్యి చురుక్కుమంది. వదలలేదు. దోసిట్లో పట్టుకుని, నిప్పు లేదని రెండుసార్లు చూసుకుని బస్సెక్కి, చేతిసంచిలోంచి క్యారియరు తీసింది. అదే క్యారియరు. మసి పోయేదాకా ఇసకతో తోమి వాడుకుంటోంది. పైగిన్నెలో ఆ తీగ పెట్టి మూత బిగించింది. సాయంత్రం లేచి నిలబడినప్పుడు ఇది పాస్టరుగారి బల్ల మీద పెట్టాలి. జయరామయ్య ఉంటే ఆయనకీ చూపించాలి. అత్త చేతిలో పెట్టాలి. నీ కొడుకు మాట తప్పలేదత్తా అని చెప్పాలి. అక్కడితో ఆగకూడదు. ఆ మిగతా సగం కూడా చెప్పాలి. వాళ్ళేమన్నా అననీ.

బస్సు కదిలింది. కరుణ క్యారియరు వంకా అమ్మ ముఖం వంకా మార్చి మార్చి చూస్తోంది. అల్లూరు చర్చి గోపురం తాటిచెట్ల మీదుగా కనపడే మలుపు దగ్గర సామ్రాజ్యం నోరు తెరిచింది.

"మీ నాన్న బీడీ తాగలేదు పాపా. మానినవాడు మానినట్టే ఉన్నాడు."

పిల్ల ఒకసారి గుండెల నిండా గాలి పీల్చి వదిలింది, పిల్లికూతలు లేకుండా. తరువాత అడిగింది.

"మరి బస్సు ఎట్ట కాలిందమ్మా?"

"చక్రాల కింద ఉలవ తీగ చుట్టుకుంది. తీద్దామని వంగినాడు. నేనే తీయనీలేదు. అన్నం చల్లారిపోతాదని తొందరచేసి పంపించినాను."

కరుణ క్యారియరు మూత మీద చెయ్యి పెట్టి చూసింది. ఊళ్ళోకి వచ్చేశారు, కండక్టరు బస్టాండు బస్టాండు అని అరుస్తున్నాడు.

"వేడిగా తిన్నాడా మరి?"

"తిన్నాడు," అంది సామ్రాజ్యం. "గిన్నెలు గూడా కడిగి పెట్టినాడు."